హెలికాప్టర్ అంబులెన్సా, 108 వాహనమా: నిమిషాలు ఎక్కడ కలిసొస్తాయి, ఎక్కడ ఖర్చవుతాయి

మన్యంలో ఒక గర్భిణిని డోలీలో మోసుకొస్తున్న ఫొటో పత్రికలో వచ్చినప్పుడు, జాతీయ రహదారి మీద బస్సు బోల్తాపడి క్షతగాత్రులను పెద్దాసుపత్రికి చేర్చడం ఆలస్యమైనప్పుడు మనలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: ఇలాంటి వాళ్ల కోసం హెలికాప్టర్ అంబులెన్సులు ఎందుకు ఉండకూడదు? 2024 అక్టోబర్ 29న రిషికేశ్ ఎయిమ్స్‌లో ‘సంజీవని’ పేరుతో హెలికాప్టర్ వైద్య సేవను ప్రధానమంత్రి ప్రారంభించారు. అదే ఏడాది మధ్యప్రదేశ్ ప్రభుత్వం ‘పీఎం శ్రీ ఎయిర్ అంబులెన్స్’ పేరుతో ఆయుష్మాన్ కార్డు ఉన్నవారికి ఉచిత సేవ మొదలుపెట్టింది. దాంతో ఈ ప్రశ్నకు మరింత బలం వచ్చింది. ప్రశ్న న్యాయమైనదే. అయితే దాని వెనక మనం పెద్దగా పరిశీలించని ఒక అంచనా దాగి ఉంది. హెలికాప్టర్ గంటకు 220 కిలోమీటర్లు ఎగురుతుంది, ఘాట్ రోడ్డులో వాహనం నలభై దాటడమే కష్టం, కాబట్టి రోగి ఐదింతలు త్వరగా బతుకు దారి పడతాడన్నది ఆ అంచనా. అసలు లెక్క ఇంత సూటిగా ఉండదు. కొన్నిచోట్ల హెలికాప్టర్ నిజంగానే ప్రాణం నిలబెడుతుంది, కొన్నిచోట్ల రోడ్డు మీది వాహనం కంటే వెనకబడుతుంది, ఇంకొన్నిచోట్ల ఆ రెండింటికీ పని లేకుండా మండల కేంద్రంలోని ఆసుపత్రిలోనే చేయవలసిన చికిత్స ఉంటుంది. ఏది ఎక్కడ అన్నది తేలాలంటే మొదటి నుంచీ విప్పుకుంటూ రావాలి.

ఒకే పేరుతో పిలుస్తున్న వేర్వేరు సేవలు

‘ఎయిర్ అంబులెన్స్’ అనే మాటను మన వార్తల్లో రెండు వేర్వేరు సేవలకు వాడుతున్నారు. మొదటిది విమానం. దానికి రన్‌వే కావాలి కనుక అది విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి మాత్రమే వెళ్లగలదు, వందల కిలోమీటర్ల దూరాలకు పనికొస్తుంది. 2021లో కొవిడ్ రెండో ఉద్ధృతి సమయంలో ఇతర రాష్ట్రాల రోగులు హైదరాబాద్‌కు వచ్చింది ఇలాంటి విమానాల్లోనే. రెండోది హెలికాప్టర్. పాఠశాల మైదానంలోనైనా దిగగలిగే ఈ వాహనం వంద, నూటయాభై కిలోమీటర్ల పరిధిలో పనిచేస్తుంది. ఈ వ్యాసంలోని పోలిక దీని గురించే.

రోడ్డు అంబులెన్సులు కూడా ఒకే రకం కావు. మన దేశంలో వీటికి ఏఐఎస్-125 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం ఏ రకం అంటే ముందుగా చేరుకునే చిన్న వాహనం, బీ రకం రోగిని కేవలం తరలించేది, సీ రకం ప్రాథమిక ప్రాణరక్షణ పరికరాలు ఉన్నది, డీ రకం వెంటిలేటర్, గుండెకు షాక్ ఇచ్చే యంత్రం వంటివి ఉన్నది. సీ రకాన్ని బీఎల్‌ఎస్ అనీ, డీ రకాన్ని ఏఎల్‌ఎస్ అనీ వైద్య సిబ్బంది పిలుస్తారు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సేవలో ఈ రెండు రకాలూ ఉన్నాయి. ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, హెలికాప్టర్‌ను బీఎల్‌ఎస్ వాహనంతో పోల్చితే ఒక ఫలితం, ఏఎల్‌ఎస్ వాహనంతో పోల్చితే మరో ఫలితం వస్తుంది. చర్చల్లో సాధారణంగా ఈ సంగతి ఎవరూ చెప్పరు.

మరో విభజన కూడా అవసరం. ప్రమాదం జరిగిన చోటి నుంచే రోగిని ఎత్తుకెళ్లడం ఒక పని, చిన్న ఆసుపత్రిలో చేరిన రోగిని పెద్దాసుపత్రికి మార్చడం మరొక పని. మొదటిదానిలో ప్రతి నిమిషం అనిశ్చితమే: రోగి పరిస్థితి తెలియదు, దిగే చోటు తెలియదు. రెండోదానిలో రోగి అప్పటికే ఒక వైద్యుడి చేతిలో ఉంటాడు, సిద్ధం చేసుకునే సమయం ఉంటుంది. రెండు పనులకూ హెలికాప్టర్ ఉపయోగపడుతుంది కానీ ఒకే స్థాయిలో కాదు.

అవయవాల తరలింపును మాత్రం ఈ చర్చలోకి తేకపోవడమే మంచిది. 2025 జనవరి 17న హైదరాబాద్ మెట్రోలో ఎల్బీ నగర్ నుంచి లక్డీకాపూల్‌కు ఒక గుండెను 13 కిలోమీటర్లు 13 నిమిషాల్లో చేర్చారు. అది గొప్ప సమన్వయం. కానీ మంచు పెట్టెలో ఉన్న గుండెకు దారిలో బీపీ పడిపోదు, ఊపిరి ఆగిపోదు. రోగిని తరలించడంలోని కష్టమంతా అక్కడే ఉంది.

‘గోల్డెన్ అవర్’ అంటే సరిగ్గా అరవై నిమిషాలేనా

తీవ్రంగా గాయపడిన మనిషికి మొదటి గంటలో సరైన చికిత్స అందితే బతికే అవకాశం ఎక్కువన్న భావనను ప్రచారంలోకి తెచ్చినవారు అమెరికాలోని మేరీల్యాండ్‌కు చెందిన సర్జన్ ఆర్. ఆడమ్స్ కౌలీ. పోలీసు హెలికాప్టర్లలో క్షతగాత్రులను తన కేంద్రానికి తెప్పించుకునే పద్ధతి 1970 ప్రాంతంలో అక్కడే రూపుదిద్దుకుంది. ఆ మాట మన చట్టంలోకి కూడా వచ్చింది. మోటారు వాహనాల చట్టంలోని 2(12ఏ) సెక్షన్, గాయమైన తర్వాత వెంటనే వైద్యం అందితే మరణాన్ని ఆపగలిగే అవకాశం అత్యధికంగా ఉండే గంట వ్యవధిగా దీన్ని నిర్వచించింది.

చట్టానికి ఒక గీత కావాలి కనుక అలా గీసింది. శరీరం మాత్రం గడియారం చూసి పనిచేయదు. తొడలోని పెద్ద రక్తనాళం తెగితే కొద్ది నిమిషాల్లోనే అంతా అయిపోవచ్చు. అక్కడ ప్రాణం కాపాడేది పక్కనే ఉండి గుడ్డతో గట్టిగా అదిమిపట్టిన మనిషి చెయ్యే. కడుపులో ప్లీహం చిట్లి నెమ్మదిగా రక్తం కారుతున్న వ్యక్తికి రెండు గంటల వ్యవధి దొరకవచ్చు. చెయ్యి విరిగిన మనిషి ఆరు గంటలు ఆగినా ప్రాణానికి ముప్పు లేదు. హెలికాప్టర్ వల్ల లాభం పొందేది ప్రధానంగా ఈ మధ్య వర్గం: కొద్ది నిమిషాల్లో పోయేవారికి అది అందదు, గంటలు ఆగగలిగేవారికి అది అక్కరలేదు. ఆ మధ్యలో ఉన్నవారు ఎవరో ఫోన్‌లో విన్న నాలుగు మాటలతో గుర్తించాల్సి రావడమే కాల్ సెంటర్‌లో కూర్చున్నవారి బాధ్యతను అంత బరువైనదిగా చేస్తుంది.

పాడేరు నుంచి విశాఖకు: ఒక లెక్క

ఒక ఊహాత్మక సందర్భం తీసుకుందాం. పాడేరు దగ్గర బైక్ పల్టీ కొట్టి ఒక యువకుడికి తలకు దెబ్బ తగిలింది. అతణ్ని పాడేరు ప్రభుత్వాసుపత్రికి చేర్చారు. స్పృహ తగ్గుతోంది, మెదడులో రక్తస్రావం అయి ఉంటుందని వైద్యుడి అనుమానం, ఆపరేషన్ చేయగలిగిన న్యూరోసర్జన్ విశాఖపట్నంలో ఉన్నారు. ఘాట్ రోడ్డు మీదుగా దూరం సుమారు 110 కిలోమీటర్లు, గాలిలో గీత గీస్తే సుమారు 80.

రోడ్డు మీద లెక్క తేలిక. వాహనంలోకి ఎక్కించి బయలుదేరడానికి 15 నిమిషాలు, ప్రయాణం మూడు గంటలు అనుకుంటే మొత్తం 195 నిమిషాలు.

హెలికాప్టర్ విశాఖలో సిద్ధంగా ఉందనుకుందాం. కబురు అందాక రోగికి నిజంగా అవసరమా అని వైద్యుడు నిర్ధారించుకోవాలి, పైలట్ వాతావరణం చూసుకోవాలి, అనుమతి తీసుకోవాలి, ఇంజన్ వేడెక్కాలి. ఇందుకు 20 నిమిషాలు. పాడేరు చేరడానికి 22. దిగాక రోగిని ఆసుపత్రి నుంచి మైదానానికి తేవాలి, సెలైన్లు, మానిటర్ తీగలు, వెంటిలేటర్ గొట్టం అన్నీ ఒక పరికరం నుంచి మరో పరికరానికి మార్చాలి, కేసు వివరాలు అప్పగించుకోవాలి. ఇందుకు 30. తిరుగు ప్రయాణం 22. విశాఖలో దిగిన చోటి నుంచి ఆసుపత్రికి మళ్లీ రోడ్డు మీద 20. మొత్తం 114 నిమిషాలు. అంటే గంటా ఇరవై నిమిషాలు కలిసొచ్చాయి. మెదడులో రక్తం గడ్డకడుతున్న మనిషికి ఇది చాలా పెద్ద తేడా. ఇక్కడ హెలికాప్టర్ స్పష్టంగా గెలిచింది.

కానీ ఈ 114లో హెలికాప్టర్ గాలిలో ఉన్నది 44 నిమిషాలే. మిగిలిన 70 నిమిషాలూ నేల మీదే గడిచాయి. ఎక్కువ వేగంతో పోయే హెలికాప్టర్ కొన్నా ఆ 70 తగ్గవు. ఆసుపత్రి ఆవరణలోనే హెలిప్యాడ్ కడితే మాత్రం ఒక్క దెబ్బతో 20 తగ్గుతాయి.

ఇప్పుడు ఒకే ఒక్క అంశం మారుద్దాం. రాష్ట్రానికి ఒకటే హెలికాప్టర్, అది విజయవాడలో ఉంది. అక్కడి నుంచి పాడేరుకు గాలిలో సుమారు 275 కిలోమీటర్లు, అంటే 75 నిమిషాలు. మిగతావన్నీ యథాతథంగా ఉంచితే మొత్తం 167 నిమిషాలు. రోడ్డు మీద వెళ్లినదానికంటే ఆదా అయ్యేది 28 నిమిషాలు మాత్రమే, అందులోనూ మొదటి గంటన్నరకు పైగా రోగి పాడేరులోనే ఎదురుచూస్తూ ఉంటాడు. ఒకే హెలికాప్టర్, ఒకే రోగి, ఒకే ఆసుపత్రి. మారిందల్లా అది ఎక్కడ నిలిపి ఉందన్నది. ‘రాష్ట్రానికి హెలికాప్టర్ అంబులెన్స్ వచ్చింది’ అనే వార్త చదివినప్పుడు నాకు ముందుగా తెలుసుకోవాలనిపించేది అందుకే ఇది: దాన్ని ఏ ఊళ్లో నిలుపుతున్నారు?

రింగ్ రోడ్డు మీద ప్రమాదమైతే

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద శంషాబాద్ దగ్గర కారు ప్రమాదం జరిగింది, తగిన ఆసుపత్రి 25 కిలోమీటర్ల దూరంలో ఉంది అనుకుందాం. 108 వాహనం చేరడానికి 12 నిమిషాలు, అక్కడ ప్రథమ చికిత్సకు 10, ప్రయాణానికి 30. మొత్తం 52. హెలికాప్టర్ కావాలా అని తేల్చేది ముందుగా చేరిన 108 సిబ్బందే కనుక ఆ 12 నిమిషాలు దానికీ తప్పవు. ఆపైన బయలుదేరడానికి 15, ఎగరడానికి 6, పోలీసులు రెండు వైపులా ట్రాఫిక్ ఆపి దిగడానికి చోటు ఇచ్చాక రోగిని సిద్ధం చేసి ఎక్కించడానికి 20, తిరిగి ఎగరడానికి 6, హెలిప్యాడ్ నుంచి అత్యవసర విభాగానికి 10. మొత్తం 69. పదిహేడు నిమిషాలు ఆలస్యం.

కాలిఫోర్నియాలో నిజమైన రవాణా సమయాలను పోల్చి 2005లో ప్రచురించిన ఒక అధ్యయనం కూడా ఇదే దారిలో చెప్పింది. దూరం పది మైళ్ల లోపు, అంటే 16 కిలోమీటర్ల లోపు ఉంటే రోడ్డు వాహనమే ముందు చేరింది. ఆ దూరం దాటాక, రెండింటినీ ఒకేసారి పంపితే హెలికాప్టర్ ముందుంది. రోడ్డు వాహనం వెళ్లి చూశాక మాత్రమే హెలికాప్టర్‌ను పిలిస్తే 45 మైళ్లు, అంటే సుమారు 72 కిలోమీటర్లు దాటితే గానీ దానికి లాభం కనబడలేదు. ఒకేసారి పంపితే లాభం దగ్గరి దూరాల్లోనే మొదలవుతుంది, కానీ చాలాసార్లు హెలికాప్టర్ ఖాళీగా వెనక్కి రావాల్సి ఉంటుంది. చూశాక పంపితే డబ్బు ఆదా అవుతుంది, సమయం పోతుంది. ఈ రెండింటి మధ్య ఎక్కడ గీత గీయాలన్నది ప్రతి దేశమూ తలపట్టుకుంటున్న సమస్య.

చికిత్సే రోగి దగ్గరికి వచ్చే సందర్భాలు

గాయాలకు సర్జన్, ఆపరేషన్ థియేటర్, రక్తనిధి కావాలి, అవి రోగి దగ్గరికి రావు. కానీ మన దగ్గర ప్రాణాంతకమయ్యే అత్యవసరాల్లో చాలావాటికి మొదటి చికిత్స ఒక సూదిమందు.

పాముకాటుకు విరుగుడు మందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇవ్వదగినది. కట్లపాము కరిచిన మనిషికి ఊపిరి కండరాలు పనిచేయడం మానేస్తే, నోటికి మాస్క్ ఆనించి అంబూ బ్యాగ్ (ఊపిరి అందించే గాలి సంచి) నొక్కుతూ ఉండే చేతులు కావాలి. ఆ రెండూ మండల కేంద్రంలో ఉంటే రోగి హెలికాప్టర్ కోసం చూడనక్కరలేదు. అవి లేనిచోట హెలికాప్టర్ వచ్చేదాకా అతను ఆగలేడు.

గుండెపోటులో రక్తనాళం పూర్తిగా మూసుకుపోయినప్పుడు రక్తపు గడ్డను కరిగించే టెనెక్టిప్లేస్ వంటి ఇంజెక్షన్‌ను చిన్న ఆసుపత్రిలోనే ఇచ్చి, ఈసీజీని ఫోన్‌లో పెద్దాసుపత్రి కార్డియాలజిస్టుకు చూపించే పద్ధతి ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ నడుస్తోంది. రెండు గంటల్లోపు స్టెంట్ వేయగలిగే చోటికి చేరలేకపోతే ముందు ఇంజెక్షన్ ఇవ్వాలన్నది వైద్యులు సాధారణంగా పాటించే సూత్రం. మెదడుకు రక్తనాళం మూసుకుపోయి వచ్చే పక్షవాతంలో కూడా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు గడ్డ కరిగించే మందు ఇవ్వవచ్చు. కాకపోతే అంతకుముందు సీటీ స్కాన్‌లో రక్తస్రావం లేదని తేలాలి. కాబట్టి సూర్యాపేట దగ్గరి గ్రామంలో ఒక పెద్దాయనకు మూతి వంకర పోయి చెయ్యి లేవకపోతే, హైదరాబాద్‌కు ఎంత త్వరగా చేరతాడన్నది రెండో ప్రశ్న. సీటీ స్కాన్ పనిచేస్తూ, మందు అందుబాటులో ఉన్న అత్యంత దగ్గరి ఆసుపత్రి ఏది అన్నది మొదటి ప్రశ్న. గడ్డను బయటికి తీసే ప్రక్రియ అవసరమయ్యే పెద్ద రక్తనాళాల మూసివేతలో, అంటే తొడ దగ్గర నుంచి తీగ పంపి గడ్డను లాగాల్సి వచ్చినప్పుడు మాత్రం మందు ఇచ్చాక కూడా పెద్ద నగరానికి త్వరగా చేర్చాల్సిందే. అక్కడ హెలికాప్టర్‌కు మళ్లీ స్థానం ఉంది.

హెలికాప్టర్ లోపల వైద్యం ఎలా ఉంటుంది

ఘాట్ దిగుతున్న 108 వాహనంలో ఈఎంటీ (రోగి పక్కన ఉండే అత్యవసర వైద్య సహాయకులు) ఒక చేత్తో పైన ఉన్న కడ్డీ పట్టుకుని, మరో చేత్తో రోగి మాస్క్ జారకుండా చూసుకుంటూ ఉంటారు. మలుపు తిరిగిన ప్రతిసారీ సెలైన్ బాటిల్ ఒక పక్కకు ఊగుతుంది. రోగికి వాంతి వస్తే, గుండె ఆగితే డ్రైవర్‌కు ఒక్క కేక వేస్తే చాలు, రోడ్డు పక్కన ఆగుతుంది, తలుపు తెరుచుకుంటుంది, వంగి నిలబడి ఛాతీ నొక్కవచ్చు. ఆగగలగడం అనే సౌకర్యాన్ని మనం లెక్కలోకి తీసుకోము గానీ ప్రాణం పోసే పనుల్లో అది చాలా పెద్దది.

హెలికాప్టర్‌లో ఆ వీలు లేదు. చిన్న తరహా హెలికాప్టర్లలో రోగి కాళ్లవైపు చెయ్యి చాచడమే కష్టం. రోటర్ హోరులో స్టెతస్కోప్ చెవికి పెట్టుకున్నా గుండె చప్పుడు గానీ ఊపిరి చప్పుడు గానీ వినబడవు. మానిటర్ తెర మీది అంకెలను, రోగి ఛాతీ కదలికను కళ్లతో చూసి నిర్ణయించుకోవాలి. సిబ్బంది మాట్లాడుకునేది కూడా హెడ్‌సెట్‌లోనే. అందుకే శ్వాసనాళంలో గొట్టం వేయడం వంటి పనులన్నీ పైకి లేవకముందే ముగించాలని చూస్తారు. నేల మీద ఖర్చయిన ఆ 30 నిమిషాల్లో పెద్ద భాగం ఇదే. అది సోమరితనం వల్ల జరిగిన ఆలస్యం అనుకోకూడదు.

ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, శరీరంలో చిక్కుకున్న గాలి ఉబ్బుతుంది. తూర్పు కనుమలను దాటడానికి ఐదారు వేల అడుగుల ఎత్తుకు లేస్తే, సముద్ర మట్టంతో పోల్చినప్పుడు అదే గాలి ఐదో వంతు నుంచి పావు వంతు దాకా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిన రోగికి అది ప్రమాదం. అలాంటివారికి ముందే ఛాతీలో గొట్టం వేసి గాలిని బయటికి పంపాలి. ఇవన్నీ తెలిసిన సిబ్బంది ఉంటే ఈ ఇబ్బందులు దాటవచ్చు. మామూలు ప్రయాణికుల హెలికాప్టర్‌లో సీట్లు తీసేసి స్ట్రెచర్ పెట్టినంత మాత్రాన మాత్రం అది అంబులెన్స్ అయిపోదు.

రోగిని తేవడానికి కాక వైద్యుణ్ని పంపడానికి

ఈ విషయం చదివినప్పుడు నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసింది లండన్ అనుభవం. 1989లో మొదలైన అక్కడి ఎయిర్ అంబులెన్స్ సేవలో హెలికాప్టర్ తీసుకెళ్లేది ప్రధానంగా ఒక వైద్యుణ్ని, ఒక పారామెడిక్‌ను (అత్యవసర చికిత్సలో శిక్షణ పొందిన సహాయకుణ్ని). వాళ్లు రోడ్డు పక్కనే మత్తు ఇచ్చి శ్వాసగొట్టం వేస్తారు, 2012 నుంచి రక్తం వెంట తీసుకెళ్లి ఎక్కిస్తున్నారు, గుండెకు కత్తిపోటు తగిలి ఆగిపోతే అక్కడే ఛాతీ తెరుస్తారు. ఆ తర్వాత రోగిని చాలాసార్లు మామూలు రోడ్డు అంబులెన్సులోనే ఆసుపత్రికి చేరుస్తారు, వైద్యుడు పక్కనే కూర్చుంటాడు. రాత్రుళ్లు హెలికాప్టర్ ఎగరదు, అదే బృందం కార్లలో వెళుతుంది. అంటే ఆ సేవకు ప్రాణం బృందంలో ఉంది. రెక్కలు పగటిపూట ట్రాఫిక్‌ను దాటడానికి ఒక సాధనం.

జర్మనీలో 1970లో మ్యూనిక్ నగరంలో ‘క్రిస్టోఫ్ 1’ అనే హెలికాప్టర్‌తో మొదలైన సేవ కూడా వైద్యుణ్ని రోగి దగ్గరికి పంపే ఆలోచన మీదే ఎదిగింది. అమెరికాలో ఎక్కువగా నర్సు, పారామెడిక్ వెళతారు, రోగిని వీలైనంత త్వరగా పెద్ద ట్రామా కేంద్రానికి, అంటే తీవ్ర గాయాలకు చికిత్స చేసే ఆసుపత్రికి చేర్చడమే లక్ష్యం. మన దేశంలో ఏ పద్ధతి మంచిదన్న చర్చ ఇంకా లోతుగా జరగలేదు. నా ఉద్దేశంలో హెలికాప్టర్ కొనాలా వద్దా అన్న దానికంటే ముందు తేలాల్సింది ఇదే.

పరిశోధనలు ఏం తేల్చాయి

2012లో అమెరికన్ వైద్య సంఘం పత్రికలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం 2007 నుంచి 2009 వరకు తీవ్రంగా గాయపడిన 2,23,475 మంది పెద్దల వివరాలను పరిశీలించింది. పైపై అంకెలు చూస్తే హెలికాప్టర్‌లో వచ్చినవారిలో 12.6 శాతం, రోడ్డు మీద వచ్చినవారిలో 11 శాతం మరణించారు. అంతవరకే చదివితే హెలికాప్టర్ వల్ల నష్టమని అనిపిస్తుంది. కానీ హెలికాప్టర్‌ను పిలిచింది ఎక్కువ గాయపడినవారికే. గాయాల తీవ్రత, వయసు, బీపీ వంటి తేడాలను సరిచేసి లెక్కిస్తే ఫలితం తిరగబడింది. అత్యున్నత స్థాయి ట్రామా కేంద్రాలకు వెళ్లినవారిలో హెలికాప్టర్ వల్ల బతికినవారు సుమారు ఒకటిన్నర శాతం ఎక్కువ. ఇంకోలా చెప్పాలంటే, 65 మందిని హెలికాప్టర్‌లో తరలిస్తే అదనంగా ఒక ప్రాణం దక్కింది.

ఆ ఒక్కరి కుటుంబానికి అది సర్వస్వం. మిగిలిన 64 మంది రోడ్డు మీద వెళ్లినా అదే ఫలితం వచ్చేదన్నది కూడా అంతే నిజం, అయితే ఆ 65 మందిలో ఆ ఒక్కరు ఎవరో ముందుగా ఎవరికీ తెలియదు. పైగా ఆ లాభం వేగం వల్ల వచ్చిందా, హెలికాప్టర్‌లో ఉన్న సిబ్బంది నైపుణ్యం వల్ల వచ్చిందా అన్నది ఈ అధ్యయనం విడదీయలేకపోయింది. ప్రపంచవ్యాప్త అధ్యయనాలన్నిటినీ కలిపి చూసిన 2015 నాటి కొక్రేన్ సమీక్ష, అవి ఒకదానితో ఒకటి పోల్చలేనంత భిన్నంగా ఉన్నాయనీ, ఒకే తుది అంకె ఇవ్వడం సాధ్యం కాదనీ చెప్పింది. హెలికాప్టర్‌ను సమర్థించేవారు మొదటిదాన్ని, సందేహించేవారు రెండోదాన్ని ఉదహరిస్తుంటారు. నిజానికి రెండూ ఒకదాన్నొకటి కొట్టేయవు.

వాన, మంచు, రాత్రి

2025 మే 17న రిషికేశ్ ఎయిమ్స్ హెలికాప్టర్ అంబులెన్స్ ఒక రోగి కోసం కేదార్‌నాథ్ వెళ్లి దిగుతుండగా తోకభాగం విరిగి నేలకు తగిలింది. అందులోని ముగ్గురూ క్షేమంగా బయటపడ్డారు. కొండల్లో హెలికాప్టర్ ప్రయాణం ఎంత సున్నితమో తెలుగువారికి ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. 2009 సెప్టెంబర్ 2న నల్లమలలో ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ ప్రతికూల వాతావరణంలో కూలిపోయింది, ఆచూకీ దొరకడానికి మరుసటి రోజు పట్టింది. అది అంబులెన్స్ కాదు గానీ వర్షాకాలపు మేఘాలకు ఆ తేడా తెలియదు.

ప్రాణాపాయంలో ఉన్న రోగి ఎదురుచూస్తున్నాడన్న ఒత్తిడి పైలట్ నిర్ణయాన్ని ప్రభావితం చేస్తుందని అమెరికా అనుభవం చెప్పింది. అక్కడ 2008 ఈ సేవల చరిత్రలోనే అత్యంత ప్రాణాంతకమైన సంవత్సరంగా మిగిలి, మరుసటి ఏడాది బహిరంగ విచారణకు దారితీసింది. అందుకే అనేక సేవల్లో వాతావరణం చూసుకునేటప్పుడు రోగి చిన్నపిల్లవాడా, గర్భిణా అన్న వివరాలు పైలట్‌కు చెప్పరు. వెళ్లాలా వద్దా అన్నది ఆకాశాన్ని చూసే తేల్చుకోవాలి.

మరోవైపు, రోడ్డే లేనప్పుడు ఈ పోలికే ఉండదు. 2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ముంపు గ్రామాలకు ఏ 108 వాహనమూ వెళ్లే దారి లేదు. అలాంటి రోజుల్లో పడవ, హెలికాప్టర్ తప్ప మూడో మార్గం లేదు.

ఖర్చు ఎవరు భరిస్తారు

108 సేవ రోగికి ఉచితం. ప్రైవేటుగా హెలికాప్టర్ మాట్లాడుకుంటే లక్షల్లో బిల్లు అవుతుంది. అయితే ప్రభుత్వం నడిపితే ఖర్చు ఎలా ఉంటుందన్నది వేరే లెక్క, ఎందుకంటే పైలట్ల జీతాలు, నిర్వహణ, బీమా, ఎప్పుడూ సిద్ధంగా ఉంచడం వంటి ఖర్చులు ఎగిరినా ఎగరకపోయినా ఉంటాయి. లెక్క కోసం ఏడాదికి 12 కోట్లు అనుకుందాం. ఏడాదికి 100 మందిని తరలిస్తే ఒక్కొక్కరికి 12 లక్షలు, 400 మందిని తరలిస్తే 3 లక్షలు. ఎక్కువగా వాడితే ఒక్కో రోగికి ఖర్చు తగ్గుతుంది. కానీ ఆ అంకె తగ్గించడం కోసం అవసరం లేనివారిని కూడా ఎక్కించడం మొదలైతే, నిజంగా అవసరమైన వేళ హెలికాప్టర్ మరో చోట ఉంటుంది.

అమెరికాలో ఉన్న మనవారికి ఇది ఇంటి లెక్క కూడా. అక్కడి ప్రభుత్వ ఆడిట్ సంస్థ లెక్క ప్రకారం 2017లో హెలికాప్టర్ అంబులెన్స్ ప్రయాణానికి వేసిన బిల్లుల మధ్యస్థం సుమారు 36,400 డాలర్లు. బీమా కంపెనీతో ఒప్పందం లేని సంస్థ హెలికాప్టర్ వస్తే మిగతా మొత్తం రోగి మీద పడేది. 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ‘నో సర్‌ప్రైజెస్’ చట్టం ఈ అనూహ్య బిల్లుల నుంచి బీమా ఉన్నవారికి రక్షణ ఇచ్చింది. విచిత్రమేమిటంటే ఆ రక్షణ ఎయిర్ అంబులెన్సులకు వర్తిస్తుంది, రోడ్డు అంబులెన్సులకు ఆ కేంద్ర చట్టం వర్తించదు. తల్లిదండ్రులను అక్కడికి తీసుకెళ్లేవారు ప్రయాణ బీమాలో ఈ రెండు అంశాలనూ విడివిడిగా చదువుకోవడం మేలు.

మన్యంలో రెండు వాదనలు

ఏజెన్సీ ప్రాంతాలకు హెలికాప్టర్ కావాలనేవారి వాదనలో బలముంది. పాడేరు లెక్కలో చూసినట్టు దూరం, ఘాట్ రోడ్డు, నిపుణులు నగరంలోనే ఉండటం అనే మూడూ ఒకేచోట కలిశాయి. హెలికాప్టర్‌కు సరిపోయే పరిస్థితి అచ్చంగా ఇలాంటిదే. రోడ్లన్నీ పూర్తయ్యేదాకా గిరిజన తల్లులు ఆగాలనడం ఏ విధంగానూ సమంజసం కాదు.

ముందు నేల మీది వ్యవస్థను సరిచేయాలనేవారు మరో వాస్తవం చూపిస్తారు. డోలీలో మోసుకొచ్చే ఆ నాలుగైదు కిలోమీటర్ల కాలిబాట పక్కన హెలికాప్టర్ దిగే చోటు సాధారణంగా ఉండదు. ముప్పై మీటర్ల పొడవు, అంతే వెడల్పుతో, తీగలు, చెట్లు లేని చదును నేల కావాలి. రోటర్ గాలికి పక్క ఇళ్ల రేకులు లేచిపోతాయి. దిగే చోటు చివరికి ఆశ్రమ పాఠశాల మైదానమే అవుతుంది, అక్కడిదాకా డోలీయే మోయాలి. ఆ మధ్య దూరం కోసమే ఆంధ్రప్రదేశ్ ఏజెన్సీలో 2018లో బైకుకు తొట్టె కట్టిన ఫీడర్ అంబులెన్సులు తెచ్చారు. ప్రసవ తేదీకి ముందే గర్భిణులను ఆసుపత్రి దగ్గరి వసతికి తీసుకొచ్చి ఉంచే పద్ధతి ఉన్నచోట ఆ ప్రయాణమే తప్పుతుంది.

ఈ రెండు వాదనలను నేను ఎదురెదురుగా చూడను. పాఠశాల మైదానాలను ముందే గుర్తించి, వాటి అక్షాంశ రేఖాంశాలను 108 కాల్ సెంటర్‌లో నమోదు చేసి, విశాఖలో ఆసుపత్రి ఆవరణలోనే దిగే ఏర్పాటు చేసి, హెలికాప్టర్‌ను కూడా అదే కాల్ సెంటర్ పంపేలా ఉంచితే రెండూ ఒకే గొలుసులోని లంకెలవుతాయి. వేరే శాఖ కింద, వేరే ఫోన్ నంబరుతో, వేరే అనుమతులతో నడిస్తే మాత్రం పాడేరు లెక్కలోని ఆ మొదటి 20 నిమిషాలు గంట అయినా ఆశ్చర్యం లేదు.

డిసెంబర్ రాత్రి లంబసింగి వైపు మంచు దిగాక హెలికాప్టర్ ఎక్కడున్నా లేవదు. ఆ రాత్రి ఘాట్ దిగేది 108 వాహనమే. దానిలోని ఆక్సిజన్ సిలిండర్ మూడు గంటలకు సరిపోయేలా నిండి ఉందా, వెంటిలేటర్ బ్యాటరీ అంతసేపు నిలుస్తుందా, వెనక కూర్చున్న ఈఎంటీకి దారిలో సిగ్నల్ అందని చోట్ల కూడా ఏం చేయాలో తెలుసా అన్నవి హెలికాప్టర్ వచ్చిన తర్వాత కూడా ప్రతి షిఫ్టు మొదట్లో చూసుకోవాల్సిన విషయాలే.